ఎండిన చెరువులో సైకిలు దారి

నాతో చదువుకున్న కరుణమ్మ ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చి, హిందూపురంలో మా ఇంటి గేటు తీసి, చెప్పులు విడిచీ విడవకముందే మెట్ల కిందికి తొంగి చూసింది. అది దాని చిన్ననాటి అలవాటు. ఎవరింటికి పోయినా ముందు మూలలు చూస్తుంది, ఆ తరువాతే మనుషుల్ని పలకరిస్తుంది. మెట్ల కింద, నీళ్ల మోటారు పక్కన, నా మనవరాలు రిజ్వానా సైకిలు ఉంది. ఊదా రంగుది. ముందర బుట్ట, హ్యాండిలుకు రంగురంగుల కుచ్చులు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు సీటు మీద అట్లాగే ఉంది. ఆ కవరు మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము.

"ఏమ్మే మస్తానీ, ఈ సైకిలుకు కాళ్లు లేవా?" అంది కరుణ.

"కాళ్లుండాయి. పోయేకి దావ లేదు," అన్నాను.

నిజంగానే లేదు. మా వీధి ఇరుకు. ఒక పక్క మురుగుకాలువ, ఇంకో పక్క వరసగా నిలబెట్టిన మోటారుబైకులు, నడుమ ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు, ఇసుక ట్రాక్టర్లు. సైకిలు కొన్న కొత్తలో రిజ్వానా వీధి చివర కొట్టు దాకా పోయి వస్తుంటే ఒక బైకు హ్యాండిలు తగిలి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ నా కొడుకు ఆ సాయంత్రమే సైకిలుకు తాళం వేసి, తాళంచెవి బీరువాలో పెట్టాడు. అప్పటినుంచి ఆ పిల్ల బడి నుంచి రావడం, ఫోను పట్టుకుని మిద్దెమీదికి పోవడం. వాడిని నేను తప్పుపట్టలేకపోయాను. బిడ్డకు ఏమవుతుందోనని బిగుసుకుపోయే తండ్రిని నేను పుట్టిన ఇంట్లోనే చూశాను.

మధ్యాహ్నం సంగటి, పుంటికూర పప్పు తిని, ఇద్దరం వసారాలో చింతపండు ముందర వేసుకుని కూర్చున్నాం. గింజలు తీస్తూ తీస్తూ కరుణ ఉన్నట్టుండి నవ్వింది. "మనకు సైకిలు లేకుండె గానీ దావ ఉండె. ఈ పాపకు సైకిలుండాది, దావ లేదు," అంది. ఫోనులో మునిగి ఉన్న రిజ్వానా తలెత్తింది.

"మీకు యాడుండె జేజీ దావ?"

"చెరువులో," అంది కరుణ, నాకు బదులుగా.

చెరువులో సైకిలేమిటని ఆ పిల్ల అడగడం, మేం చెప్పబోవడం, చింతపండు అట్లాగే ఉండిపోవడం, ఆ మధ్యాహ్నం అట్లా గడిచింది. దానికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

మా ఊరు సోమందేపల్లికీ పెనుకొండకూ నడుమ, పెద్దరోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. మేం దూదేకులవాళ్లం. తాత పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. నాయన కాలానికి ఆ పని సన్నగిల్లింది. నాయన పేరు హుస్సేనప్ప. సోమందేపల్లిలో రోడ్డు పక్కన సైకిలు షాపు పెట్టుకున్నాడు. పంక్చర్లు వేయడం, చక్రాల వంకర తీయడం, గంటల లెక్కన సైకిళ్లు బాడుగకివ్వడం. షాపంటే నాలుగు గుంజలు, పైన రేకులు, ముందర నల్లటి నీళ్ల తొట్టి. సాయంత్రం ముందు వాసన ఇంటికొచ్చేది, తరువాత నాయన వచ్చేవాడు. పంక్చరు అతికే సొల్యూషను వాసన, గ్రీసు వాసన, పొద్దంతా ఎండలో కాగిన రబ్బరు వాసన. ఆయన తల్లి, మా అవ్వ, వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడేది. నాయన కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుని, బూడిదతో రుద్దుకుని, కడుక్కుని, రెండు చేతులూ అవ్వ ముందు చాపేవాడు. అవ్వ గోళ్ల సందులు చూసి "ఊఁ" అంటేనే కంచం దగ్గర కూర్చోవాలి. మీసం నెరుస్తున్న మనిషి తల్లికి చేతులు చూపించడం మాకు వింతగా తోచేది కాదు. అన్నానికి ముందు బిస్మిల్లా ఎట్లాగో అదీ అట్లాగే.

సైకిళ్లు బాగుచేసే మా నాయన సైకిలు తొక్కేవాడు కాదు. పొద్దున షాపుకు పోయేటప్పుడు సామాన్ల సంచులు సైకిలుకు తగిలించి, దాన్ని నడిపించుకుంటూ పెద్దరోడ్డు అంచున మట్టిలో పోయేవాడు. వచ్చేటప్పుడూ అంతే. దానికి కారణం మా చిన్నాయన దస్తగిరి, నాయన తమ్ముడు. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు, పెనుకొండ నుంచి కొత్త టైర్లు భుజానికి వేసుకుని సైకిలు మీద వస్తుంటే వెనకనుంచి లారీ కొట్టింది. ఆ లారీ ఆగలేదు. చిన్నాయన ముఖం నాకు గుర్తు లేదు. ఆయన లేకపోవడం మాత్రం ఇంటినిండా ఉండేది. పండగపూట అవ్వ గూట్లోంచి ఒక గిన్నె ఎక్కువ తీసేది, చేతిలో పట్టుకుని కాసేపు చూసి, మళ్లీ లోపల పెట్టేది. రోడ్డు మీద లారీ గట్టిగా హారన్ కొడితే నాయన నోట్లో ముద్ద ఆగిపోయేది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

ఊళ్లో ఏడో తరగతి దాకా ఉండేది. ఆపైన చదవాలంటే పెనుకొండ హైస్కూలుకు పోవాలి. మా ఊరు రోడ్డుకు ఈ పక్క, బడి ఆ పక్క. బస్సు మా క్రాసులో ఆగితే ఆగినట్టు, లేకుంటే లేదు. మగపిల్లలు ఎట్లాగో పోయేవాళ్లు. ఆడపిల్లలు చెనిక్కాయలు వలిచే చాట ముందర కూర్చునేవాళ్లు. ఆ చాట ముందర ఒకసారి కూర్చున్న పిల్ల మళ్లీ లేచి బడికి పోవడం మా ఊళ్లో నేను చూడలేదు. ఆ ఏడు పాసైన ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ కరుణా. కరుణ వాళ్లది కూలి ఇల్లు. ఆదివారం ప్రార్థనకు, తక్కిన దినాలు కూలికి. వాళ్లమ్మ నా గడ్డం పట్టుకుని, "నువ్వు పోతే నా బిడ్డనూ పంపిస్తా పాపా. దాన్నొక్కదాన్నే పంపీలేను," అంది. అంటే రెండు చదువులూ మా నాయన నోటి మాట దగ్గర ఆగి ఉన్నాయన్నమాట.

ఆ మాట నేనే ఎత్తాను, నాయన అన్నం తింటుండగా.

"నాయనా, పెనుకొండ బడికి సైకిల్లో పోతా. కరుణను వెనక కూర్చోబెట్టుకుంటా."

నాయన చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు. "ఆ రోడ్డు మింద నా ఇంటోళ్లు సైకిలెక్కేది లేదు."

"మరి బడికెట్ల పోయేది?"

"సదివింది సాలు."

మా అమ్మ నావైపు చూసి, ఊరుకోమన్నట్టు తల ఊపింది. అవ్వ పొయ్యి దగ్గర కంపపుల్లలు విరుస్తూ ఉంది. కంపచెట్లంటే మా సీమంతా వాన లేకున్నా పెరిగే ముళ్లచెట్లు. ఊరంతా వాటిని తిట్టుకునేది, ఊరంతా వాటితోనే వండుకునేది. పొద్దున లేచి కొడవలి, తాడు తీసుకుని పోయి, ఎండ ముదిరేలోపల మోపు నెత్తిన పెట్టుకుని రావడం అవ్వ పని. ఆ పుల్ల విరుస్తూనే అవ్వ అడిగింది:

"రోడ్డు మిందనే పోవల్లని ఎవురు సెప్పిరి రా?"

"రోడ్డు గాక యాడ పోతారు మా?"

"నేను దినామూ యాడ పోతాండా? చెరువులో దిగి, వంకలో పడి, మోరీ కింద దూరి ఆ పక్కకు పోతాండా. పెనుకొండ కొండ కింద దాకా పోయి మోపు కట్టుకోనొస్తాండా. నన్ను యా లారీ గుద్దె?"

అవ్వ ఇంకో పుల్ల విరిచి పొయ్యిలో పెట్టింది. "పోయి సూసిరా. సూసొచ్చినంక వద్దంటే నేనూ వద్దంటా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు కోసం నాయన షాపు మూసేవాడు. ఆ శుక్రవారం నమాజు కాగానే నలుగురం బయలుదేరాం. ముందు అవ్వ, వెనక నాయన, ఆ వెనక కరుణా నేనూ. చెరువంటే నీళ్లు గుర్తొస్తాయి ఎవరికైనా. మా చెరువులో నేను పుట్టినప్పటినుంచీ నీళ్లు లేవు. పెద్దవాళ్లు కట్ట మీద నిలబడి, ఫలానా ఏడు ఇక్కడిదాకా వచ్చినాయి నీళ్లు అని చెయ్యి చూపిస్తే, మాకు అది కథలాగా ఉండేది. అడుగంతా నల్లరేగడి ఎండి, పలకలు పలకలుగా చీలి, ఆ చీలికల్లో పల్లేరు తీగలు పాకి ఉండేవి. నడుమ మాత్రం ఎద్దులబండ్లు తిరిగి తిరిగి గట్టిపడిన బాట ఒకటుంది. అది దాటితే ఒకప్పుడు చెరువులోకి నీళ్లు తెచ్చిన వంక. ఇప్పుడు ఒట్టి ఇసుక. వంక వెంట పోతే పెద్దరోడ్డు అడ్డం వస్తుంది. రోడ్డు కింద నీళ్లు పోయేకి కట్టిన మోరీ. నీళ్లే లేవు కాబట్టి అది మాకు గుహలాంటి దారి. తల వంచితే చాలు, అవతల పెనుకొండ పక్క తేలుతాం. ఆడినుంచి కొండనీడలో కాలిబాట బడి వెనకగోడ దాకా పోతుంది.

నాయన నేల చూస్తూ నడిచాడు. ముల్లు కనబడితే వంగి తీసి పక్కన వేశాడు. మోరీ దగ్గరికి వచ్చేసరికి లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పైన లారీ పోయింది. పైకప్పు నుంచి సన్నగా మట్టి రాలి ఆయన టోపీ మీద పడింది. ఇంకో లారీ పోయింది. ఇంకోటి. ప్రతి లారీకీ నాయన కళ్లు మూసుకుని తెరుస్తున్నాడు. మేం ముగ్గురం మోరీ నోటి దగ్గర నిలబడి చూస్తున్నాం. ఎవరూ పిలవలేదు. చాలాసేపటికి లేచి వచ్చి టోపీ దులుపుకున్నాడు.

"పైన పోతాంటాయి అవి," అన్నాడు. "కింద మనకేం గాదు."

అదే ఆయన ఒప్పుకున్న మాట.

బాడుగ సైకిళ్లలో అన్నిటికంటే పాతది మాకిచ్చాడు. ముళ్లు దిగకుండా పాత టైరును కోసి, ట్యూబుకూ టైరుకూ నడుమ అస్తరు లాగా పెట్టాడు. దాంతో సైకిలు ఎద్దులాగా బరువెక్కింది గానీ పంక్చర్లు తగ్గాయి. ఎండాకాలం సెలవులంతా చెరువులో నేర్చుకున్నాం. సీటు అందదు, నడుమ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కాలి. ముందు చక్రం రేగడి చీలికలో పడితే మనిషి గాల్లోకి లేచేది. మోకాళ్లు చెక్కుకుపోయాయి, కరుణకు ముందుపన్ను మూల విరిగింది. అయినా అంతకంటే భద్రమైన చోటు ఆ చుట్టుపక్కల లేదు. పడితే పడతాం, అంతే. మన మీదికి వచ్చేది ఏదీ లేదు. జన్మలో సైకిలెక్కని అవ్వ మోపు దించి కూర్చుని, "చక్రాన్ని సూడగాకే, దావను సూడు!" అని అరిచేది. అది అందరూ చెప్పే మాటే కావచ్చు. ఆ గొంతుతో విన్నందుకు నాకింకా చెవిలో ఉంది.

సాయిబుల పిల్ల, కిరస్తానం పిల్ల చెరువులో సైకిలు తొక్కుతున్నారని ఊళ్లో పాకింది. సాయంత్రాలు చెరువు కట్ట మీద జనం చేరి చూసేవాళ్లు, నవ్వేవాళ్లు. ఒకరోజు అవ్వకు ఒళ్లు మండింది. కొడవలి ఎత్తి, "ఏమప్పా, ఊరికే నిలబడి పండ్లికిలిచ్చేకి వచ్చినారా? తలా ఒక కంప కొట్టి పక్కనెయ్యండి, మీ బిడ్డలూ పోవచ్చు రేపు!" అంది. ఆమె మాటకు సిగ్గుపడ్డారో, కొడవలికి జడిశారో, ఇద్దరు ముగ్గురు నిజంగానే దిగి వచ్చి బాట పక్క కంపలు కొట్టారు. మరుసటి రోజు ఇంకొందరు వచ్చారు. బడి తెరిచే నాటికి చెరువు నడుమ బాట తలలో పాపట తీసినట్టుంది.

అట్లా బడికి పోయాం. చెరువులో తొక్కడం, వంకలో ఇసుక కాబట్టి దిగి తోయడం, మోరీలో తలలు వంచడం, అవతల మళ్లీ ఎక్కడం. మోరీలోకి పోగానే ఒక చల్లదనం, ఒక పాత మట్టివాసన. పైన లారీ ఉరుముతుంటే కరుణ గట్టిగా పాటలు పాడేది, అక్కడ గొంతు మారుమోగుతుందని. ఊరంతా వాన కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లో మేమిద్దరమే వాన వస్తే మా దారి ఏమవుతుందోనని గుబులుపడేవాళ్లం. ఆ మాట బయటికి అనేకి ధైర్యం లేదు. మా సీమలో వాన వద్దని ఎవరంటారు?

వచ్చింది వాన. ఆఖరి పీరియడులో మొదలై, కొండ కనబడకుండా కురిసింది. బడి విడిచాక తడుస్తూ మోరీ దగ్గరికి వస్తే, లోపల ఎర్రటి నీళ్లు కంపపుల్లల్ని, చెత్తను తోసుకుంటూ ఉరుకుతున్నాయి. చూస్తుండగానే మోకాటి లోతు దాటాయి. ఇక పెద్దరోడ్డు దాటాల్సిందే. గట్టెక్కి రోడ్డు అంచున నిలబడ్డాం. మసక చీకటి, వాన తెర, ఆ తెరలోంచి లైట్లు వేసుకుని వచ్చే లారీలు. ఒకటి పోతే గాలికి సైకిలు ఊగుతోంది. రెండుమూడుసార్లు అడుగు ముందుకు వేసి వెనక్కి తీశాం. కరుణ ఏడుపు మొదలుపెట్టింది. నాకూ ఏడుపు వచ్చింది గానీ, చిన్నాయన ఈ రోడ్డు మీదనే కదా అని గుర్తొచ్చి ఏడుపు కూడా ఆగిపోయింది.

అప్పుడు సోమందేపల్లి పక్కనుంచి ఒక సైకిలు వచ్చింది. రోడ్డు మీదనే, లారీల పక్కనే, మనిషి సీటు మీద వంగి, లుంగీ తడిసి కాళ్లకు అంటుకుని, పిచ్చివాడిలాగా తొక్కుతూ. దగ్గరికి వచ్చేదాకా నాకు తెలియలేదు. తెలిశాక కూడా నమ్మబుద్ధి కాలేదు. మా నాయన సైకిలు తొక్కడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

నాయన అవతలి పక్క సైకిలు పారేసి, మెడలో ఉన్న తువ్వాలు తీసి పైకెత్తి రోడ్డు నడుమకు వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా లారీ బ్రేకులు కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "సచ్చేకి నా బండే దొరికిందా నీకు?" అని తిట్టాడు.

"తిట్టప్పా, నీ ఇష్టమొచ్చినంత తిట్టు," అన్నాడు నాయన, తువ్వాలు దించకుండా. "నా బిడ్డలు దాటినంక పో."

మేం దాటాం. అవతలికి చేరాక నాయన మా ఇద్దరి తలలూ ఒకే తువ్వాలుతో తుడిచాడు. ఆ తువ్వాలు మాకంటే తడిగా ఉంది. దాన్నిండా సొల్యూషను వాసన.

ఇంటికి చేరేసరికి అవ్వ వాకిట్లో గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది. "ఇంత బిరీన ఎట్లొచ్చినావురా? నడిసి రాలేదా?" అంది.

"లేదు మా. తొక్కుకోనొచ్చినా."

అవ్వ కొడుకు ముఖంలోకి చూసింది. తరువాత చిన్నగా తల ఊపి, లోపలికి పోయి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. ఆ రోజు చేతులు చూపించమని అడగలేదు.

ఆ ఏడు చెరువులో కొద్దిగా నీళ్లు నిలిచాయి. మా బాట కట్ట మీదికి మారింది. వానపడిన ప్రతి రోజూ సాయంత్రం నాయన రోడ్డు దగ్గరికి వచ్చేవాడు, సైకిలు తొక్కుకుంటూనే. మరుసటి ఏడు మా వెనక ఇంకా కొందరు ఆడపిల్లలు వచ్చారు. వాళ్లను కూడా నాయనే దాటించేవాడు. డ్రైవర్లకు అలవాటై, తువ్వాలు కనబడగానే దూరంనుంచే నిదానించేవాళ్లు. కరుణ పదో తరగతి చదివి అంగన్‌వాడీ పనిలో చేరి, పెళ్లయి ధర్మవరం పోయింది. నేను నర్సు ట్రైనింగు చేసి, రొళ్ల పక్క పల్లెల్లో ఏళ్ల తరబడి సైకిలు మీదనే తిరిగాను. అక్కడ సగం కన్నడం, సగం తెలుగు. సూది భయానికి పిల్లలు పారిపోయేవాళ్లు, సైకిలు బెల్లు విని మళ్లీ చేరేవాళ్లు. నాయనా అవ్వా ఇద్దరూ నన్ను ఆ ఉద్యోగంలో చూసే పోయారు.

ఇదంతా విన్నాక రిజ్వానా ఆ చెరువు చూడాలంది. ఆ ఆదివారమే ముగ్గురం బస్సెక్కి పోయాం. పెద్దరోడ్డు ఇప్పుడు నాలుగు లైన్లు. నడుమ ఇనుప కంచె, కొత్త కార్లను ఎత్తుకుపోయే పొడుగు లారీలు. మా క్రాసు దగ్గర దిగి కట్ట ఎక్కాం. ఎక్కి, ఇద్దరం నిలబడిపోయాం. చెరువు నిండి ఉంది. కాలువ నీళ్లు వదులుతున్నారని, వానలూ పడ్డాయని వినడమే గానీ నేను చూడలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్లు. మా బాట, మేం పడిన చోట్లు, కరుణ పన్ను విరిగిన చోటు, అన్నీ ఆ నీళ్ల కింద ఉన్నాయి. కొంగలు వాలి ఉన్నాయి. ఒకతను వల విసురుతున్నాడు.

"నీళ్లలోనా తొక్కినారు మీరు?" అంది రిజ్వానా, మమ్మల్ని అనుమానంగా చూస్తూ.

కరుణ నవ్వి నవ్వి కట్ట మీద కూర్చుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాకు దారి దొరికింది కరువు వల్ల. ఆ కరువు మా ఊళ్లో ఎన్ని ఇళ్లు ఖాళీ చేయించిందో నాకు తెలుసు. ఆ దారి మునిగిపోయిందంటే ఊరు బతికిందని. పోగొట్టుకుని సంతోషపడే వస్తువులు కొన్నే ఉంటాయి, అందులో అదొకటి. కానీ పక్కన నిలబడిన పిల్లకు దారి ఇంకా లేదు. ఆడపిల్లలు చాట ముందర కూర్చునే కాలం పోయింది, బడి బస్సు ఇంటి ముందరికే వస్తుంది. అయినా నా మనవరాలికి తన కాళ్లతో తాను పోగలిగిన దూరం మా వయసులో మాకున్నదాంట్లో పదో వంతు కూడా లేదు. ఇది నాకు ఆ కట్ట మీదనే తట్టింది.

తిరిగొచ్చాక కరుణ ధర్మవరం పోనంది. "దావ దొరికినంకనే పోతా," అని సంచి మళ్లీ లోపల పెట్టింది. నా కోడలు షాహీన్ బీరువా తీసి తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఆయనకు నేను సెప్పుకుంటా అత్తా," అంది. కరుణా, రిజ్వానా, నేనూ సైకిలును ఆటోలో వేసుకుని తిరిగాం. కాలేజీ మైదానంలో క్రికెట్టు బంతులు, కారు నేర్చుకునేవాళ్లు. స్టేషను రోడ్డు పొద్దున్నే ఖాళీ గానీ కుక్కలు. ఊరి బయట మట్టిదారిలో పోతే పల్లేరు గుచ్చుకుని రెండు చక్రాలూ ఒకేసారి కూర్చున్నాయి. "ఈ ముల్లు మాత్రం మారలే," అంది కరుణ, సొంతమనిషిని చూసినంత ప్రేమగా.

పంక్చరు వేయించుకుని మరుసటి రోజు ఇంకో పక్క పోయాం. ఊరు దాటినాక ఒక వెంచరు కనబడింది. పెద్ద ఆర్చి, దాని మీద రంగులు, లోపల అద్దంలాంటి తారురోడ్లు, రోడ్ల పక్కన పసుపు తెలుపు రాళ్లు. ఇల్లు మాత్రం ఒక్కటి లేదు. ఇళ్లు లేవు కాబట్టి బండ్లు లేవు, బండ్లు లేవు కాబట్టి కుక్కలు కూడా లేవు. ఆర్చి కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ లేచాడు. మడకశిర పక్క మనిషి, పేరు తిమ్మప్ప అని తరువాత తెలిసింది.

"ప్లాటు సూసేకి వచ్చినారామ్మా?"

నేను నిజం చెప్పబోయేలోపల కరుణ, "ఊఁ, సూసేకే వచ్చినాం. రోడ్డు బాగుండాదో లేదో ఈ పాప తొక్కి సూస్తాది," అంది.

తిమ్మప్ప సైకిలును చూశాడు, పిల్లను చూశాడు, మా ఇద్దరి నెరిసిన తలలు చూశాడు. ఆయనకు అర్థమైందని మాకు అర్థమైంది. "కానీండి," అన్నాడు.

రిజ్వానా మొదట నత్తలాగా పోయింది. ఒక మలుపు తిరిగింది. ఇంకో మలుపు. ఆ తరువాత గాలికి దాని చున్నీ లేచింది, సీటు మీదనుంచి లేచి నిలబడి తొక్కింది. చివరి రాయి దాకా పోయి తిరిగొస్తుంటే ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడం నేను చాలా రోజులుగా వినలేదు.

"ఏమ్మా, బాగుండాదా రోడ్డు?" అన్నాడు తిమ్మప్ప.

"శానా బాగుండాది," అంది కరుణ. "రేపూ సూడాల."

"ఆదివారం మాత్తరం రావద్దండి. ఓనరు దుడ్లు పెట్టేటోళ్లను పిల్చుకోనొస్తాడు. తక్కిన దినాలు మీ ఇష్టం. మా ఇంటిదీ నేర్చుకుంటానంటాంది," అన్నాడాయన.

అట్లా మొదలైంది. కరుణ మరుసటి రోజు తృప్తిగా రైలెక్కింది. వారం తిరిగేలోపల రిజ్వానా స్నేహితురాళ్లు ముగ్గురు వచ్చారు. తిమ్మప్ప భార్య చీర కొంగు బిగించి నేర్చుకుంది. ఒక సాయంత్రం మా షాహీన్ వచ్చి, అటూ ఇటూ చూసి, ఎక్కి, పడి, లేచి, మళ్లీ ఎక్కింది. ఆ వెంచరులో రేపో ఎల్లుండో ఇళ్లు లేస్తాయి. లేవనీ. అప్పటికి వీళ్లు పెద్దరోడ్ల మీద పోయేకి పనికొస్తారు.

షాహీన్ ఏం చెప్పుకుందో గానీ, నా కొడుకు తాళంచెవి మళ్లీ అడగలేదు. పోయిన ఆదివారం పొద్దున నలుగురు ఆడపిల్లలూ సైకిళ్లతో మా గేటు ముందర నిలబడ్డారు. బడికి ఇకనుంచి సైకిళ్ల మీదనే పోతామన్నారు. వాడు టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. మెయిన్ రోడ్డు సంగతి, లారీల సంగతి, సర్కిలు దగ్గర ఆటోల సంగతి చెప్పుకుంటూ పోయాడు. వాళ్లు ఓపిగ్గా విన్నారు.

"అబ్బా, మెయిన్ రోడ్డులో ఎవురు పోతామన్నారు?" అంది రిజ్వానా తండ్రితో. "మగ్గాల వీధి వెనక సందుండాది, గోడౌను పక్కన మట్టిదావ ఉండాది. ఆడినుంచి బడికి ఎట్ల కలుస్తాదో ఇంకా తెలీదు."

"తెలీకుండా ఎట్ల పోతావు మరి?"

"తెలుసుకునేకే పోతాండాం గదా. మీరు రావద్దు, జేజీ నువ్వు కూడా వద్దు. పోయి సూసొచ్చి సెప్తాం."

వాడు నావైపు చూశాడు. వాడు టీ గ్లాసు గోడ మీద పెట్టి, వంగి, నాలుగు సైకిళ్ల టైర్లూ ఒక్కొక్కటే నొక్కి చూసి, "గాలి సరిపోయింది. పోండి," అన్నాడు. నలుగురూ ఒకరి వెనక ఒకరు మగ్గాల వీధి పక్కకు మలుపు తిరిగారు.